సలహాలతో కొన్న కారు

మొన్న మా మనవడు ఒక పాత కారు కొనుక్కొచ్చి ఇంటి ముందు నిలబెట్టి, తలుపు తీసి పట్టుకుని, "ఎక్కి సూడవ్వా" అన్నాడు. పొద్దుటి నుంచి తిరుపతి ఎండలో మాడిన బండి కదా, తలుపు తీయగానే వేడెక్కిన సీట్ల వాసన, దాని మొదటి యజమాని కొట్టించిన మల్లెపూల సెంటు వాసన, ఆ రెంటి అడుగున ఎంత తుడిచినా పోని పెట్రోలు వాసన కలిసికట్టుగా ముఖాన కొట్టాయి. ఈ బండి కోసం పిల్లవాడు ఎండాకాలమంతా కనపడ్డ ప్రతివాడినీ సలహా అడిగాడు. ఆఫీసులో వాళ్ళు ఒకటి చెబితే మెకానిక్కు ఇంకొకటి చెప్పాడు, ఎప్పుడూ చూడని మనుషులు ఫోనులో కనబడి గంటల తరబడి చెప్పారు. చివరికి నన్ను కూడా అడిగాడు. మా ఇంట్లో ఒకప్పుడు కారు ఉండేదని, దాన్ని కొనడానికి మా నాయన ఊరు ఊరంతటినీ సలహా అడిగాడని వాడికి తెలియదు. చెప్పే ఓపిక ఆ పూట నాకు లేకపోయింది. ఈ మధ్య దేనికీ ఓపిక ఉండటం లేదు, కానీ ఇది చెప్పకుండా పోతే చెప్పేవాళ్ళు ఇంకెవరూ లేరు.

మా ఊరు చంద్రగిరి అవతల, స్వర్ణముఖి ఇసుకలో నిలబడితే తిరుమల కొండ నీలంగా కనిపించే చోట. అప్పటికి యుద్ధం అయిపోయింది గాని దాని కరువు అయిపోలేదు. బియ్యానికి రేషను, కిరసనాయిలుకు రేషను, గుడ్డలకు రేషను, పెట్రోలుకు కూపన్లు. అయినా పిల్లలకు కరువేం తెలుస్తుంది? గానుగ ఆడే రోజుల్లో ఊరంతా బెల్లం పాకం వాసన కమ్ముకుని ఉండేది, పెనం అంచున గీకిన వెచ్చని పాకాన్ని చెరకు ముక్కకు చుట్టుకుని నాకుతూ తిరిగేవాళ్ళం, వేరుశనగ పీకేటప్పుడు చేలోనే తీగలు కాల్చుకుని మసి మూతులతో ఇంటికొచ్చేవాళ్ళం, మధ్యాహ్నాలు వామనగుంటలు, సాయంత్రాలు చెడుగుడు, రాత్రికి రాగి సంగటి, ఊరుబిండి పచ్చడి, దాని మీద వేలితో గుంట చేసి పోసిన నెయ్యి. ఆ రెండేళ్ళూ బెల్లం కలిసొచ్చి మా ఇల్లు కాస్త నెమ్మదిపడింది. కారు మాట వచ్చింది అప్పుడే.

వచ్చింది అమ్మ కోసం. అమ్మ పుట్టిల్లు పలమనేరు పైన, మొగిలి కనమ, అంటే కొండ దారి, ఎక్కి ఇంకా లోపలికి పోవాలి. మాకు రైలులో చిత్తూరు, అక్కణ్ణుంచి బొగ్గు గ్యాసుతో నడిచే బస్సులో కనమ, కనమ ఎక్కినాక ఎద్దులబండి. అమ్మను కన్న అవ్వ పక్షవాతం వచ్చి మంచాన పడింది. అమ్మ ఒకసారి చంటి తమ్ముణ్ణి ఎత్తుకుని ఆ దారిన పోయి, వాడికి జ్వరం తెచ్చుకుని, అవ్వ మంచం పక్కన సరిగ్గా కూర్చోకుండానే తిరిగి వచ్చింది. ఆ తర్వాత ఇంటి పెత్తనం చేసే మా పెద్దత్త, అంటే నాయనకు అక్క, చిన్నప్పుడే పసుపు కుంకుమలు పోయి మా ఇంట్లోనే ఉండిపోయిన మనిషి, పిల్లవాడు పెద్దయ్యే దాకా కనమ మాట ఎత్తొద్దంది. కనమ మీద నుంచి మా మేనమామ పంపిన మనుషులు చింతపండు బుట్టతో పాటు అవ్వ కబురు తెచ్చేవాళ్ళు. నీ పేరే కలవరిస్తా ఉండాదమ్మా అనేవాళ్ళు. అమ్మ వాళ్ళకు అన్నం పెట్టి, వాళ్ళు తినేదాకా ఎదురుగా కూర్చుని, అవ్వ ఏం తింటున్నది, ఎవరు తల దువ్వుతున్నారు అని అడిగి, వాళ్ళు పోయాక పెరట్లోకి పోయి పని లేకపోయినా అంట్లు తోముతూ ఉండేది. నాయన ఒకరోజు అది చూశాడు.

"నేనొక కారు కొంటా గాని, ఏడవబాక. పొద్దన్నే పోయి మీయమ్మ దగ్గర వారం ఉండి రా" అన్నాడు.

నాయన మంచివాడు. మంచివాడు కావడమే చిక్కు. ఎవరినీ అడగకుండా ఒక గొడ్డలి కూడా కొనేవాడు కాదు. నలుగురితో నారాయణ అనేది ఆయన నోట ఊతపదం. ఆ మర్నాటి నుంచి మా ఇంటి అరుగు మీద సలహాల కొలువు మొదలైంది.

ముందు పెదనాయన వచ్చాడు. ఆయన జిల్లాలో జరిగే ప్రతి పశువుల పరసకూ, సంతకూ పోయి వచ్చినవాడు, ఎద్దు నుదుటి సుడి చూసి అది ఎవరింట ఎన్నాళ్ళుంటుందో చెప్పేవాడు. తరువాత కరణం, తాలూకా కచేరీలో పనులు తెలిసినవాడు, కూపన్లు ఆయన చేతి మీదుగానే రావాలి. తరువాత పంచాంగం అయ్యవారు. వీళ్ళు ముగ్గురూ చీకటి పడేదాకా కూర్చుని, ఒకరు చెప్పింది ఇంకొకరు కాదంటూ, చెప్పేవాడికి వినేవాడు లోకువ అన్నట్టు నాయన వైపు చూసి తలలు ఆడించేవాళ్ళు. పెద్దత్త తలుపు వెనక నిలబడి తన మాట తను అనేది. లోపల అమ్మ పొయ్యి ఊదుతూ వీళ్ళందరికీ బెల్లం కాఫీ కాచేది, వాన పడితే అలసందల వడలు వేసేది, అయ్యవారికి విడిగా పళ్ళూ పాలూ సర్దేది. మేము కడవ మూతను చక్రంలా పట్టుకుని, రోలు మీద ఒకడు, వాడి వెనక మిగిలినవాళ్ళం కూర్చుని, బుర్రుమంటూ చిత్తూరు పోయి వచ్చేవాళ్ళం. ఆ ఆటలో అమ్మ దగ్గరకు పోయి "పలమనేరు, పలమనేరు, ఎక్కేవాళ్ళు ఎక్కండి" అని అరిస్తే, పిండి చేతులతో నవ్వేది.

మొదట తిరుపతిలో ఒక డాక్టరు బండి అమ్మకానికి వచ్చింది. రోగాలు మోసిన బండి మన వాకిట్లోకి రాకూడదని పెద్దత్త అనేసింది. దాంతో అది పోయింది. తరువాత పుత్తూరులో మిల్లు వాళ్ళ బండి. పెదనాయన దాని చుట్టూ ప్రదక్షిణం చేసి, వీపు తట్టి, వంగి కాళ్ళు చూసి, ముందరి దీపాల్లో ఒకటి పగిలి వేరే అద్దం వేశారని కనిపెట్టి, "మెల్లకన్నురా ఇది. మెల్లకన్ను ఎద్దును ఎవురన్నా కొంటారా?" అన్నాడు. పాపం, ఆ బండి బాగానే నడుస్తుందని బస్సు కంపెనీలో పని చేసి మానుకున్న మస్తాను చెప్పాడు గాని, మస్తాను డ్రైవరు మాత్రమే, పెద్దమనిషి కాదు. ఇంకోటి నల్లది. నలుపు శని రంగని అయ్యవారు అన్నాడు. ఇట్లా సీతాఫలాలు వచ్చి పోయాయి, చలి వచ్చి పోయింది, మామిడి పూతకు వచ్చింది, కనమ మీద నుంచి కబుర్లు వస్తూనే ఉన్నాయి. నాయన ఒకసారి విసిగి మిల్లు వాళ్ళ బండే కొనేస్తానన్నాడు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అని పెదనాయన ఎత్తిపొడిచేసరికి మళ్ళీ కూర్చున్నాడు.

చివరికి చిత్తూరులో ఒక దొర తన దేశానికి తిరిగి వెళ్ళిపోతూ అమ్మకానికి పెట్టిన బండి అందరికీ నచ్చింది. పచ్చరంగు, పైన గుడ్డ కప్పు, రెండు కళ్ళూ సమానం. దొర కూర్చున్న తోలు సీట్లను ఏం చేయాలన్నది కొన్నాళ్ళు నలిగి, పసుపు నీళ్ళు చల్లి పైన దుప్పట్లు పరుచుకుంటే చాలునని తేలింది. బేరం కుదిరిన రోజు మస్తాను ఒక మాట చెప్పాడు. "కూపన్ల పెట్రోలు దీనికి యాడ సాలుతాదప్పా? ఎనకాల బొగ్గు డబ్బా పెట్టిచ్చుకో. బస్సులన్నీ అట్లే పోతా ఉండాయి గదా."

తలుపు వెనక నుంచి పెద్దత్త ఇవతలికి వచ్చేసింది. "నిప్పుకుండ ఎత్తుకోని పొయ్యేది యా ప్రయాణానికో నీకు తెలీదా? మా ఇంటి ఆడోళ్ళు ఎక్కే బండికి పాడె ముందర కుండ కట్టమంటావా?"

శాస్త్రంలో కార్ల గురించి లేదు గాని, తెలిసి తెలిసి ఎందుకు అన్నాడు అయ్యవారు. బొగ్గు డబ్బా మాట అక్కడితో ఆగిపోయింది. పెద్దత్తను నేనేమీ అనను. చితి దాకా మొగుడి వెంట మోసిన నిప్పుకుండను చిన్నపిల్లగా చూసిన మనిషి, ఇంకెట్లా అంటుంది?

కారు వచ్చిన రోజు ఊళ్ళో ఎవరూ చేలకు పోలేదు. వాకిట్లో అమ్మ పెద్ద రథం ముగ్గు పెట్టింది. హారతి ఇచ్చి, దిష్టి తీసి, గుమ్మడికాయ పగలగొట్టారు. ఆ సీట్ల వాసన, కొత్త దుప్పట్ల గంజి వాసన, పెట్రోలు వాసన మాకు పులిహోర కంటే రుచిగా ఉన్నాయి. మొదటి ప్రయాణం అలిపిరికి అని ఎప్పుడో అనుకున్నదే. కొండ పాదాల దగ్గర కర్పూరం వెలిగించకుండా బండి ఎక్కడికి పోతుంది? సలహా చెప్పినవాళ్ళను వదిలిపెట్టి పోవడం మర్యాద కాదు. వెనక సీట్లో అయ్యవారు, ఆయన భార్య, పెద్దత్త, వాళ్ళ ఒళ్ళల్లో మేము, ముందర మస్తాను పక్కన పెదనాయన, కరణం ఇరుక్కుని కూర్చున్నారు. నాయనకు చోటు లేక తన కారు మెట్టు మీద తనే నిలబడి, కప్పు పట్టుకుని వచ్చాడు. అమ్మ గడపలో పళ్ళెం పట్టుకుని ఉంది.

"ఇంటి మనిషివి, ఇంటి బండి. నువ్వు యాడికి పోతావు, అది యాడికి పోతాది? రేపెక్కుదువులే రాజమ్మా" అంది పెద్దత్త.

అమ్మ కూడా అట్లాగే అనుకుంది. అలిపిరిలో నిమ్మకాయలు తొక్కించి, గోవిందలు కొట్టి, అమ్మ కట్టిచ్చిన దద్దోజనం తిని వచ్చాం. ఆ వారంలోనే అయ్యవారిని కాళహస్తి తీసుకుపోవలసి వచ్చింది, ముహూర్తం పెట్టిన మనిషి అడిగితే కాదంటామా? కూపన్లు ఇప్పించిన కరణానికి చిత్తూరు కోర్టులో వాయిదా. నిండు నెలల కూతుర్ని పుట్టింటికి తెచ్చుకోవాలని కరణం భార్య వచ్చి అడిగితే, నాయన తటపటాయిస్తుంటే, పంపించు అని అమ్మే అంది. పెదనాయన ఎద్దుల పరసకు కారులో పోయి, అక్కడివాళ్ళు ఎద్దులను వదిలి కారును చూశారని నెల రోజులు చెప్పుకున్నాడు. ప్రతి ప్రయాణానికీ అమ్మ తెల్లవారుజామున లేచి, దారిలో తినడానికి పులిహోరో రొట్టెలో కట్టిచ్చి, గేటు దాకా వచ్చి, దుమ్ము అణిగేదాకా చూసి లోపలికి పోయేది. ఆ నెల పెట్రోలు అట్లా తీరిపోయింది.

మరుసటి నెల కూపన్లు రాగానే నాయన, ఈసారి ఎవరు అడిగినా లేదు, శుక్రవారం నీ ప్రయాణమే అన్నాడు. అమ్మ మూట కట్టింది. అవ్వకు పళ్ళు లేవని వేరుశనగ పప్పు మెత్తగా దంచి బెల్లంతో ఉండలు చేసింది, తన పాత చీర మెత్తనిది ఒకటి కింద పరవడానికి మడిచి పెట్టింది, నాకు తలంటి పోసింది. గురువారం సాయంత్రం అయ్యవారు వచ్చి, శుక్రవారం పడమటికి శూల, ఆ దిక్కుకు ప్రయాణం కూడదు అన్నాడు. ఇంత ఆగి మూడ్రోజుల కోసం శూలకు ఎదురు పోవడమెందుకు, సోమవారం దివ్యంగా ఉంది. ఈలోపల ఆడికృత్తిక పండగ. పెద్దత్తకు తిరుత్తణి కావడి మొక్కు ఎప్పటి నుంచో ఉంది, బండి ఖాళీగా ఉంటుంది కదా అన్నారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు, మా ఇంట్లో పూజారులు ఎక్కువైపోయారు. నాయన అమ్మ వైపు చూశాడు. అమ్మ ఏమంటుంది? మొక్కు కదా.

తిరుత్తణిలో జనం తొక్కిసలాట, దారులు మూసేసి బండ్లన్నిటినీ చుట్టూ తిప్పారు. ఆదివారం తిరిగొస్తుంటే ఊరి బయట ఏటి దగ్గర కారు దగ్గి, రెండు గజాలు నడిచి, ఆగింది. పెట్రోలు అయిపోయింది. పెదనాయన తన ఎద్దులు తెప్పించి కట్టించాడు. ముందర మెడల్లో గంటలు మోగుతుంటే, వెనక కావడికి కట్టిన నెమలీకలు ఊగుతుంటే, లోపల విభూతి పూసుకున్న పెద్దవాళ్ళు నిటారుగా కూర్చుని ఉండగా, ఎద్దులు లాగే కారు ఊళ్ళోకి వచ్చింది. పిల్లలం చప్పట్లు కొట్టాం. ఊరంతా నవ్వింది. అమ్మ కూడా నవ్వింది, నవ్వి, పెట్రోలు మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందని నాయనను అడిగింది. కూపన్లు వచ్చే నెల గాని రావు.

సోమవారం పొద్దున్నే మామ పంపిన మనిషి వచ్చాడు. రాత్రంతా ప్రయాణం చేసి వచ్చాడేమో, వాకిట్లోనే కూలబడి, "పొద్దు గడవడం కష్టం, బిరాన రమ్మన్నారమ్మా" అన్నాడు.

అమ్మ చేతిలో చల్ల కవ్వం ఉంది. వాకిట్లో ముగ్గు మీద నిలబెట్టిన పచ్చకారు వైపు చూసి, "బండి పోదా?" అని ఒక్క మాట అడిగింది. కరణం చొక్కా కూడా సరిగా వేసుకోకుండా పెట్రోలు కోసం సైకిలు మీద తిరుపతికి పరుగెత్తాడు. ఉత్త చేతులతో వచ్చాడు. మస్తాను కారు చుట్టూ తిరుగుతూ, బొగ్గు డబ్బా ఉంటే ఈ పాటికి పాకాల దాటుండేవాళ్ళం అని ఒకసారి అని, మళ్ళీ అనలేదు. పెద్దత్త తలుపు వెనకకు పోయి కూర్చుంది.

రైలులో పోయాం, నాయన, అమ్మ, తమ్ముడు, నేను. చిత్తూరులో దిగి బస్సు ఎక్కితే, మొగిలి కనమ ఎక్కలేక ఆగిపోయింది. అందరినీ దిగి నడవమన్నారు. బస్సు వెనక పొడుగాటి బొగ్గు డబ్బా, దాని కింద ఎర్రగా నిప్పు, ఒకడు మూత తీసి ఇనుప కడ్డీతో కెలుకుతుంటే, ఇంకొకడు చక్రం తిప్పి గాలి కొడుతున్నాడు. అమ్మ తమ్ముణ్ణి చంకన వేసుకుని, ఆ నిప్పు వైపే చూస్తూ నిలబడింది. నాయన ఆమె పక్కన నిలబడలేక కనమ అంచుకు పోయి లోయలోకి చూస్తూ ఉండిపోయాడు.

మేము ఊరు చేరింది మర్నాడు పొద్దున. అవ్వ మంచాన్ని కడిగి గోడకు నిలబెట్టి ఉన్నారు. తల ఉంచిన చోట దీపం వెలుగుతున్నది. మామ ఎదురొచ్చి అమ్మను పట్టుకుని ఏడ్చాడు.

"నిన్న పొద్దుగూకే దాకా నీ కోసరం ఎత్తకుండా పెట్టుకోనుంటిమక్కా. మా అమ్మిణి కారులో వస్తాదని అమ్మ ఊరందరికీ చెప్పినాది. శబ్దం వినపడ్తాదా సూడండ్రా, సూడండ్రా అంటానే పోయినాది."

అమ్మ గట్టిగా ఏడవలేదు. మూట విప్పి ఆ ఉండలను అక్కడున్న పిల్లలకు తలా ఒకటి పెట్టింది. నాకూ పెట్టింది. నేను తిన్నాను, ఆకలిగా ఉండింది. నాకు ఇన్నేళ్ళుగా కోపం వస్తూనే ఉంది, కాని ఎవరి మీద పెట్టుకోవాలో తెలియడం లేదు. మా ఇంట్లో చెడ్డవాళ్ళు ఒక్కరూ లేరు. అందరూ అమ్మ మంచి కోరి సలహా చెప్పినవాళ్ళే.

ఆ తర్వాత కారు ఎక్కువ తిరగలేదు. నాయన దాన్ని కొట్టంలో పెట్టించాడు. కూపన్లు వచ్చినప్పుడల్లా, యాడికన్నా పోదామా అని అమ్మను అడిగేవాడు. అమ్మ పనుండాది అనేది, నిజంగానే ఏదో ఒక పని ఉండేది. దుప్పట్ల మీద కోళ్ళు గుడ్లు పెట్టడం మొదలుపెట్టాయి. స్వరాజ్యం వచ్చిన తరువాత ఒక పీలేరు ఆసామి, పాత కారు కోసం వెతుక్కుంటూ, నాయన అనుభవస్థుడని ఎవరో చెప్పగా సలహా అడగడానికి వచ్చి, చివరికి మా బండినే బేరం చేశాడు. మగవాళ్ళు కొట్టంలో ఉన్నారు. ఆ ఆసామి భార్య, పెళ్ళయి ఎన్నో ఏళ్ళు కాలేదు, వంటింటి గడపలో కూర్చుని అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగుతూ, దూరం పోతే నడుము నొప్పి పుడుతుందా, కుదుపులు ఎక్కువా అక్కా అని అడిగింది.

"తెలీదమ్మా, నేనెక్కలే" అంది అమ్మ.

మామూలుగా అంది, ఉప్పు సరిపోయిందా అన్నట్టు. నాయన అప్పుడే తాళం చెవి కోసం లోపలికి వచ్చాడు. గడప దగ్గర ఆగిపోయి, తరువాత చెవి తీసుకోకుండానే వెనక్కి పోయాడు. ఆ సాయంత్రం కారు వెళ్ళిపోయింది. ఆ పెళ్ళికూతురు లాంటి అమ్మాయిని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని పోయారు.

ఇప్పుడు ఆ అరుగు లేదు, రోడ్డు వెడల్పు చేసినప్పుడు పోయింది. బొగ్గు బస్సులు, కూపన్లు, చిన్న పట్టాల రైలు, ఎద్దుల పరసలు అన్నీ పోయాయి, సుడులు చూసే మనుషులూ పోయారు. నాయన పోయాడు, పెద్దత్త పోయింది, అమ్మ పోయి కూడా చాలా కాలమైంది. మా మనవడు పట్టుబడితే బండి ఎక్కి కూర్చున్నాను. చల్లగాలి పెట్టాడు, సీటు వెనక్కి వాల్చాడు, చిత్తూరు మీదుగా పలమనేరు దాకా ఇప్పుడు పెద్ద రోడ్డు పడిందవ్వా, టిఫిను తిని బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి తిరిగి రావచ్చు అన్నాడు. నిజమే, వచ్చేయవచ్చు. అమ్మ పుట్టినూళ్ళో ఇప్పుడు మమ్మల్ని ఉండమనేవాళ్ళు ఎవరూ లేరు.